నాలుగు రోజుల సెలవు, ఒక పాత రేవు పట్టణం: గాలెకా, హోయ్ ఆన్‌కా, జార్జ్‌టౌన్‌కా?

పొద్దున్నే ఆరింటికి లేపి, టిఫిన్ పొట్లం చేతిలో పెట్టి, బస్సెక్కించి, పన్నెండు చోట్ల దింపి, ఫొటోలు తీయించి వెనక్కి తెచ్చే ప్యాకేజీ టూరు ఒకటి చేశాక మా ఇంట్లో ఒక తీర్మానం జరిగింది. ఇకమీదట విదేశం వెళ్తే ఒకే ఊరు, ఒకే గది. పక్కన సముద్రం ఉండాలి. నడుచుకుంటూ చూసేంత పాత ఊరు ఉండాలి. మధ్యాహ్నం కునుకు తీస్తే "అయ్యో, ఏదో చూడకుండా వదిలేశాం" అనిపించకూడదు. మూడు నుంచి ఐదు రాత్రులు, అంతే.

ఈ లెక్కన వెతుక్కుంటూ వెళ్తే మనకి అందుబాటులో మూడు పేర్లు మిగిలాయి: శ్రీలంకలో గాలె, వియత్నాంలో హోయ్ ఆన్, మలేషియాలో పెనాంగ్ దీవి మీది జార్జ్‌టౌన్. మూడూ యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నవే, మూడూ ఒకప్పుడు ఓడల మీద బతికినవే. మూడింటికీ వేర్వేరు ఏళ్ళలో వెళ్ళొచ్చాం: గాలెకి మా ఆవిడతో, జార్జ్‌టౌన్‌కి అమ్మతో, హోయ్ ఆన్‌కి పిల్లలతో సహా అందరం. ఐరోపా ఊళ్ళని కావాలనే పక్కన పెట్టాను. నాలుగు రోజుల సెలవు కోసం షెంగెన్ వీసా కాగితాలు పోగెయ్యడమంటే పెళ్ళికన్నా పెళ్ళిచూపులకే ఎక్కువ ఖర్చు పెట్టినట్టు.

ముందే చెప్పాల్సిన సంగతి

"సముద్రం ఒడ్డున చారిత్రక పట్టణం" అనగానే గది తలుపు తీస్తే ఇసుక, ఇసుక దాటితే అలలు అని ఊహించుకుంటాం. అలా ఉండదు. ఓడకి కావలసింది వేరు, స్నానానికి కావలసింది వేరు. ఓడలు అలల దెబ్బ తగలని మరుగు చూసుకుంటాయి. నది ముఖాలు, కొండ చాటు వంకలు, దీవుల వెనక నీళ్ళు. మనకేమో తెరిచిన తీరం, శుభ్రమైన ఇసుక కావాలి. మచిలీపట్నం తెలిసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు: బందరు రేవు ఒకవైపు, మంగినపూడి బీచ్ మరోవైపు. ఈ మూడు ఊళ్ళూ అంతే. మంచి ఇసుక తీరం ప్రతిచోటా ఊరి బయటే. గాలెకి ఉనవటున, హోయ్ ఆన్‌కి ఆన్ బాంగ్, జార్జ్‌టౌన్‌కి బటు ఫెరింగి.

ఇంకో పోలిక కూడా ఉంది. ఈ ఊళ్ళు పాతగా మిగిలింది వాటి వ్యాపారం పోవడం వల్లే. కొలంబోలో పెద్ద రేవు కట్టాక ఓడలు గాలెని వదిలేశాయి. హోయ్ ఆన్ దగ్గర థూ బోన్ నది మేట వేసుకుపోతే వర్తకమంతా దా నాంగ్‌కి తరలింది. జార్జ్‌టౌన్‌కి 1969లో సుంకాల్లేని రేవు అన్న హోదా పోయింది. పైగా పాత అద్దెల చట్టం వల్ల ఇళ్ళ యజమానులకి కూల్చి కట్టడంలో లాభం లేకపోయింది. సంపాదన ఆగిన ఊళ్ళు కాబట్టే వీటిలో ఆ తీరిక ఉంది. మనం వెళ్తున్నది దానికోసమే.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఎన్ని చూడదగిన చోట్లు ఉన్నాయన్నది ఇక్కడ కొలత కాదు. నా అనుభవంలో వరసగా ఇవి లెక్కలోకి వస్తాయి.

మొదటిది, మీ ఇంటి గుమ్మం నుంచి అక్కడి గది గుమ్మం దాకా ఎన్ని గంటలు. నాలుగు రోజుల్లో రెండు రోజులు విమానాశ్రయాల్లోనే పోతే మిగిలేది విశ్రాంతి కాదు, బడలిక. విమానం గంటన్నరే కదా అని మురిసిపోకండి. దిగాక రోడ్డు మీద ఎంతసేపో కూడా కలపండి.

రెండోది నెల. మూడు ఊళ్ళ వానలూ మూడు వేర్వేరు కాలాల్లో పడతాయి. ఈ ఒక్కటి పట్టించుకోకపోతే మిగతావన్నీ సరిగ్గా కుదిరినా ట్రిప్పు గదిలోనే గడిచిపోతుంది.

మూడోది, సామాను గదిలో పెట్టాక మళ్ళీ బండి అవసరం పడుతుందా లేదా. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సెలవు రుచి అంతా దీనిలోనే ఉంది. టీ తాగుదామనిపిస్తే నడిచి వెళ్ళగలగాలి, ఎండగా ఉంటే పది నిమిషాల్లో గదికి తిరిగి రాగలగాలి.

నాలుగోది తిండి, ముఖ్యంగా మాంసం, చేపలు ముట్టనివాళ్ళు మీతో ఉంటే. ఐదోది వీసా. డబ్బుని ఆఖరున పెట్టాను, ఎందుకంటే మూడింటి మధ్య గది అద్దెలో, తిండిలో తేడా ఉన్నా, మొత్తం ఖర్చుని ఎక్కువగా తేల్చేది విమాన టికెట్టే.

| | గాలె | హోయ్ ఆన్ | జార్జ్‌టౌన్ |
|---|---|---|---|
| చేరుకోవడం | చెన్నై–కొలంబో గంటన్నర, తర్వాత రోడ్డు మీద రెండున్నర గంటలు | హనోయ్ లేదా హో చి మిన్ సిటీలో మారి దా నాంగ్, అక్కడి నుంచి 30 కి.మీ. | కౌలాలంపూర్ మీదుగా, లేదా చెన్నై నుంచి నేరుగా |
| కనీసం ఎన్ని రాత్రులు | 3 | 5 | 4 |
| మంచి నెలలు | డిసెంబర్–మార్చి | ఫిబ్రవరి–ఏప్రిల్ | డిసెంబర్–ఫిబ్రవరి. మిగతా నెలల్లోనూ ఫర్వాలేదు |
| తప్పించుకోవాల్సినవి | మే–సెప్టెంబర్ | అక్టోబర్–నవంబర్ | సెప్టెంబర్–నవంబర్ సాయంత్రపు వానలు |
| స్నానానికి తీరం | ఉనవటున, 5 కి.మీ. | ఆన్ బాంగ్, 4–5 కి.మీ. | బటు ఫెరింగి, దూరం, అంత గొప్పదీ కాదు |
| శాకాహారం | సులువు, ఎండుచేప పొడి జాగ్రత్త | వెతుక్కోవాలి | అన్నిటికన్నా సులువు |
| వీసా | ముందే ఆన్‌లైన్ అనుమతి | ఈ-వీసా | అక్కర్లేదు, ఆన్‌లైన్ ఆగమన కార్డు చాలు |

గాలె: కోటలో మకాం

గాలెలో రెండు ఊళ్ళున్నాయి. రైల్వే స్టేషను, బస్టాండు, చేపల మార్కెట్టు ఉన్న మామూలు ఊరు ఒకటి; గోడల లోపల కోట ఊరు ఇంకొకటి. గది కోట లోపలే తీసుకోండి. బయటికన్నా అద్దె ఎక్కువే, కానీ గాలెకి వెళ్ళి బయట ఉండటమంటే గుడికి వెళ్ళి చెప్పుల స్టాండు దగ్గర కూర్చోవడమే.

1588లో పోర్చుగీసువాళ్ళు మొదలుపెట్టిన కోటని 1640లో డచ్చివాళ్ళు గెలుచుకుని రాతిగోడలతో ఇప్పుడున్న రూపానికి తెచ్చారు. 1796లో ఆంగ్లేయుల చేతికి వచ్చింది. పాత ద్వారం లోపలివైపు డచ్చి కంపెనీ చిహ్నం, 1669 అనే సంవత్సరం, ఒక కోడిపుంజు బొమ్మ ఇప్పటికీ కనిపిస్తాయి. 1755లో పూర్తయిన డచ్చి చర్చిలో నేలంతా సమాధి రాళ్ళే. భీమిలిలో డచ్చి సమాధులు చూసినవాళ్ళు ఆ అక్షరాల తీరుని గుర్తుపడతారు. ఒకే కంపెనీ మనుషులు, రెండు తీరాలు.

కానీ గాలెలో అసలు పని గోడల మీద నడవడం. చుట్టూ సుమారు మూడు కిలోమీటర్లు. సాయంత్రం ఐదింటికి బయల్దేరితే సూర్య, చంద్ర, నక్షత్ర బురుజులు దాటుకుంటూ సూర్యాస్తమయానికి సముద్రం వైపు చేరొచ్చు. దారిలో గొడుగు చాటున కూర్చున్న జంటలు, గాలిపటాలెగరేసే పిల్లలు, బడి వదిలాక ఐస్‌క్రీం బండి చుట్టూ చేరిన తెల్ల యూనిఫారాలు. కోట మ్యూజియం కాదు, మనుషులుంటున్న ఊరు. వకీళ్ళ బోర్డులు కనిపిస్తాయి, మసీదు నుంచి అజాన్ వినిపిస్తుంది. 1939లో కట్టిన లైట్‌హౌస్ పక్కన, చర్చిలా కనిపించే ఆ తెల్ల భవనమే మీరాన్ మసీదు. చాలామంది చర్చే అనుకుని ఫొటో తీసుకుపోతారు.

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇంకో ఆకర్షణ. కోట గోడ మీద నిలబడితే కింద గాలె స్టేడియం మొత్తం కనిపిస్తుంది. 2010 జూలైలో మురళీధరన్ తన 800వ టెస్ట్ వికెట్, ఆఖరి వికెట్ కూడా, ఇక్కడే తీశాడు. అవుటైంది మన హైదరాబాద్ తరఫున ఆడిన ప్రజ్ఞాన్ ఓఝా. ఈ మాట టీ కొట్లో అన్నాను, ఆ పెద్దాయన రెండో టీకి డబ్బులు తీసుకోలేదు.

ఆ స్టేడియాన్ని 2004 సునామీ ముంచేసింది. కోట లోపలి ఊరిని మాత్రం డచ్చివాళ్ళ గోడలే చాలావరకు కాపాడాయి.

కొలంబో నుంచి రైల్లో వెళ్తే కుడివైపు కిటికీ పట్టుకోండి. చాలా దూరం పట్టాలు అలల పక్కనే వెళ్తాయి. మూడు గంటల లోపు ప్రయాణం. విమానాశ్రయం కొలంబోకి ఉత్తరాన ఉంది కాబట్టి పెద్దవాళ్ళతో, సామానుతో ఉంటే హైవే మీద టాక్సీయే మేలు. వెళ్ళేటప్పుడు టాక్సీ, వచ్చేటప్పుడు రైలు అనేది మేం చేసిన పని, అదే మళ్ళీ చేస్తాను.

తిండి మన నోటికి దగ్గరే. ఇడియాప్పం, అప్పం, కొబ్బరిపాలతో పలచగా చేసిన పప్పు, అన్నం చుట్టూ నాలుగైదు కూరలు. ఒక్క జాగ్రత్త: కొబ్బరికోరు, ఎండుమిర్చితో చేసే పొల్ సంబోల్ చూడ్డానికి మన కొబ్బరి పచ్చడిలా ఉంటుంది గానీ అందులో ఎండుచేప పొడి వేసే అలవాటు ఉంది. శాకాహారులు ముందే "ఉంబలకడ వద్దు" అని చెప్పాలి.

లోపాలు. కోట చిన్నది, మూడో రోజు మధ్యాహ్నానికి అన్ని వీధులూ పరిచయమైపోతాయి. నాకు అదే ఇష్టం, మా తమ్ముడికైతే పిచ్చెక్కుతుంది. గోడల మీద చాలాచోట్ల పిట్టగోడ లేదు, కింద బండలు. పరిగెత్తే వయసు పిల్లలుంటే సాయంత్రం నడక మీకు విశ్రాంతి కాదు, కాపలా. పౌర్ణమి రోజు అక్కడ పోయ సెలవు, ఆ రోజు మద్యం అమ్మరు. ఏప్రిల్ 13, 14 తేదీల్లో వాళ్ళ కొత్త సంవత్సరం, అప్పుడు కొట్లు మూసేస్తారు, రైళ్ళు కిక్కిరిసిపోతాయి.

ఇంకొక్క మాట, చరిత్ర రుచి ఉన్నవాళ్ళకి. 1911లో గాలెలో ఒక తూము మీద మూతగా పడున్న రాయిని చూస్తే అది చైనా నౌకాధిపతి జెంగ్ హె వేయించిన శాసనం, 1409 నాటిది. చైనా భాషలో బుద్ధుడికి, తమిళంలో విష్ణువు రూపమైన తేనవరై నాయనార్‌కి, పర్షియన్‌లో అల్లాకి కానుకలు సమర్పించినట్టు రాసుంది. రాయి ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది, తిరుగు ప్రయాణంలో రెండు గంటలు మిగిలితే చూడండి.

హోయ్ ఆన్: అందగత్తె, కానీ అందరికీ తెలిసిపోయింది

ఫొటోలు చూసి ఎంచుకుంటే హోయ్ ఆనే గెలుస్తుంది. పసుపు గోడలు, పెంకుటిళ్ళు, నది మీద లాంతర్ల వెలుగు. నిజంగానూ అలాగే ఉంటుంది. చిక్కల్లా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ అందాన్ని వేలమంది భుజాల మీదుగా చూడాలి. పడవల్లో లాంతర్లు, వంతెన మీద సెల్ఫీలు, కాగితపు దీపాలు అమ్మే పిల్లలు. మేం మొదటి రాత్రి అరగంటలో పారిపోయి వచ్చాం. మర్నాడు పొద్దున్న ఆరింటికి వెళ్తే అదే వీధి, అరుగు ఊడ్చే ముసలమ్మ, సైకిల్ మీద ఆకుకూరలు, ఇంకెవరూ లేరు. హోయ్ ఆన్‌ని పొద్దున్నే చూడాలి, రాత్రి నది అవతలి ఒడ్డు నుంచి దూరంగా చూడాలి. ఇది తెలిస్తే ఊరు మళ్ళీ మీదవుతుంది.

1999లో యునెస్కో గుర్తింపు వచ్చిన ఈ రేవుకి జపాన్, చైనా వర్తకులు వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. పైకప్పున్న జపాన్ వంతెన లోపల చిన్న గుడి ఉంది. ఒక కొసన కోతులు, మరో కొసన కుక్కలు కాపలా. మరమ్మతులు పూర్తయి 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. 20,000 డాంగ్ నోటు మీద ఉన్నది ఈ వంతెనే. తాన్ కీ అనే పాత వర్తకుల ఇంట్లో గోడ మీద ఏ ఏడు వరద ఎంత ఎత్తు వచ్చిందో గీతలు గీసి ఉంచారు, కొన్ని మన తలకన్నా పైన. నీళ్ళొస్తే సరుకుని పైకి లాక్కోవడానికి పై అంతస్తు నేలలో ఒక తలుపు. ఆ గీతలు చూశాక అక్టోబర్, నవంబర్ నెలల్లో టికెట్ ఎంత చవగ్గా దొరికినా మీరు కొనరు.

తెలుగువాళ్ళకి ఇక్కడికి రావడానికి బలమైన కారణం ఊళ్ళో లేదు, 40 కిలోమీటర్ల దూరంలో కొండల నడుమ ఉంది. మీ సోన్. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు నాలుగో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా కట్టిన ఇటుక ఆలయాలు, ఎక్కువ భాగం శివుడివి, సంస్కృత శాసనాలతో సహా. 1969లో అమెరికా బాంబులకి పెద్ద గోపురం కూలిపోయింది. బాంబు పడిన గోతులు ఇప్పటికీ గడ్డి కప్పుకుని ఉన్నాయి. మన పురావస్తు శాఖ ఇక్కడ మరమ్మతులు చేస్తుండగా 2020లో తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా లింగం బయటపడింది. తెల్లవారుజామునే వెళ్ళండి. పదింటికల్లా టూరు బస్సులు దిగుతాయి, ఎండ కూడా.

సముద్రం సంగతికొస్తే, మూడింటిలో ఇదే నయం. ఆన్ బాంగ్ తీరానికి పొలాల మధ్య నుంచి సైకిల్ మీద ఇరవై నిమిషాలు. హోటళ్ళవాళ్ళు సైకిళ్ళు ఊరికే ఇస్తారు. నేల చదును, పాత ఊళ్ళోకి చాలాసేపు మోటారు బళ్ళని రానివ్వరు, కాబట్టి పిల్లలున్నా బెంగ లేదు.

శాకాహారులకి మాత్రం ఓపిక కావాలి. ఊరికి పేరు తెచ్చిన కావ్ లావ్ నూడుల్స్‌లో పందిమాంసం, తెల్ల గులాబీ అనే ఆవిరి వంటకంలో రొయ్య. కూరగాయల వేపుడులో కూడా చేప సాస్ పడుతుంది. నేర్చుకోవాల్సిన ఒక్క మాట "చాయ్". అంటే టీ కాదు, శాకాహారం. బోర్డు మీద ఆ మాట ఉంటే నిశ్చింతగా లోపలికి వెళ్ళొచ్చు. పౌర్ణమి, అమావాస్య దగ్గర బౌద్ధులు మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో చాయ్ వంటలు ఎక్కువ దొరుకుతాయి. వాళ్ళ చాంద్రమానంలో ప్రతి నెలా పద్నాలుగో రాత్రి లాంతర్ల పండగ, మన క్యాలెండర్లో పౌర్ణమి చూసుకుంటే దాదాపు దాని ముందురోజు. అందానికి అందం, జనానికి జనం. మీ ఓపికని బట్టి.

దర్జీల గురించి అందరూ చెబుతారు. రెండు రోజుల్లో సూటు కుడతారు, నిజమే, కానీ రెండుసార్లు కొలత సరిచూసుకోవాలి, అంటే రెండు సాయంత్రాలు పోతాయి. చొక్కాలు, సూట్లు బాగున్నాయి. మా ఆవిడ జాకెట్టు గుడ్డ తీసుకెళ్ళి బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆ జాకెట్టు బీరువాలోనే ఉంది.

ప్రయాణమే దీని పెద్ద బరువు. పెద్ద నగరంలో దిగి, ఇమిగ్రేషన్ వరస దాటి, ఇంకో విమానం పట్టుకుని దా నాంగ్, అక్కడి నుంచి ముప్పావు గంట కారు. వెళ్ళే రోజు, వచ్చే రోజు రెండూ రాసిచ్చెయ్యాలి. అందుకే ఐదు రాత్రుల లోపు అయితే హోయ్ ఆన్ జోలికి వెళ్ళొద్దంటాను.

జార్జ్‌టౌన్: తిండి, నీడ, మన మాటలు

జార్జ్‌టౌన్‌ని 'ప్రశాంత పట్టణం' అంటే అబద్ధం. ఇది నగరం. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఇంగ్లీషు కంపెనీ తరఫున దిగిన చోటు, 2008లో మలేషియాలోని ఇంకో పాత రేవు మలక్కాతో కలిపి యునెస్కో జాబితాలోకి వచ్చింది. అయినా విశ్రాంతి దొరుకుతుంది, వేరే రకంగా: నీడ పట్టున నడవడం, ఆగిన ప్రతిచోటా ఏదో ఒకటి తినడం.

పాత వీధుల్లో కింద అంగడి, పైన ఇల్లు. ముందు కప్పు కింద ఐదడుగుల అరుగు, ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకి కలుస్తూ వెళ్తుంది. వానైనా ఎండైనా ఆ అరుగుల మీదే సగం ఊరు తిరగొచ్చు. చెప్పినంత సాఫీ కాదు. మధ్యలో మెట్లు, మోటారు సైకిళ్ళు, కుర్చీలు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ ప్రతి పది గజాలకీ దిగి ఎక్కాల్సి వచ్చింది. పాత ఊళ్ళో ఉచితంగా తిరిగే బస్సు ఒకటి ఉంది, రెండో రోజు నుంచి దాన్నే నమ్ముకున్నాం.

ఒకే వీధి చుట్టుపక్కల సెయింట్ జార్జ్ చర్చి, చైనావాళ్ళ కువాన్ యిన్ గుడి, 1833 నాటి మహామారియమ్మన్ కోవెల, కపితాన్ కెలింగ్ మసీదు. ఆ ఆఖరి పేరు దగ్గర ఆగండి. 'కెలింగ్' అన్నది 'కళింగ' నుంచి వచ్చిన మాట. మన ఉత్తరాంధ్ర తీరం మీదుగా ఓడల్లో వెళ్ళిన పేరు అక్కడ దక్షిణ భారతీయులందరికీ తగులుకుంది. ఇప్పుడు మలేషియాలో ఎవరినైనా ఆ మాటతో పిలిస్తే తిట్టు కిందే లెక్క. మసీదు పేరులో మాత్రం గౌరవంగా మిగిలిపోయింది. రబ్బరు, కొబ్బరి తోటల పనికి వలసపోయి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎక్కువగా పక్కనున్న పెరాక్ రాష్ట్రంలో, బాగన్ దాతుక్ వైపు ఉంటాయి, పెనాంగ్‌లో కాదు. లిటిల్ ఇండియాలో మీకు వినిపించేది తమిళమే.

అక్కడే అరిటాకు భోజనం, ఇడ్లీ, దోసె, పూలమాలలు. వారం రోజులు బయటి తిండి అంటేనే భయపడే అమ్మ మూడో రోజుకి "ఇక్కడే ఇంకో రెండు రోజులుందామా" అంది. మాంసం తినేవాళ్ళకి ఇక చెప్పేదేముంది: నాసి కందార్, చార్ క్వే తియావ్, చేపతో చేసే అసం లక్సా. 'అసం' అంటే వాళ్ళ దగ్గర చింతపండు, పులుపు. ఆ పులుసు వాసన వీధి చివర్నుంచే పిలుస్తుంది.

సముద్రమంటే ఇక్కడ చూడ్డానికే. చ్యూ జెట్టీలో ఒకే ఇంటిపేరువాళ్ళు నీళ్ళలో కర్రలు పాతి వాటి మీద ఇళ్ళు కట్టుకుని తరాలుగా ఉంటున్నారు. వాళ్ళ వరండాల్లోకి కెమెరా పెట్టకండి, జనం తొంగిచూపులతో ఇప్పటికే విసిగున్నారు. స్నానానికని బటు ఫెరింగికి 101 నంబరు బస్సెక్కి వెళ్ళొచ్చు, కానీ జెల్లీఫిష్ హెచ్చరిక బోర్డులుంటాయి, నీళ్ళు నీలంగా ఉండవు. సముద్ర స్నానమే ముఖ్యమైతే ఈ ఊరు మీది కాదు. బదులుగా 1923 నుంచి నడుస్తున్న తాళ్ళ రైల్లో పెనాంగ్ కొండెక్కి చల్లగాలి పీల్చుకోండి.

చేరడానికి చెన్నై నుంచి నేరుగా విమానం 2024 చివర్లో మొదలైంది. హైదరాబాద్ నుంచైతే కౌలాలంపూర్‌లో మారాలి. తీరికుంటే కౌలాలంపూర్ నుంచి బటర్‌వర్త్‌కి నాలుగు గంటల రైలు, అక్కడి నుంచి ఫెర్రీ. దీవిని ఓడ మీద చేరడమే సరైన పద్ధతి అనిపిస్తుంది నాకు, చాదస్తమనుకోండి.

మలక్కా ఎందుకు లేదు

చరిత్రలో మలక్కా ఈ మూడింటికీ పెద్దక్క. 1511లో పోర్చుగీసు, 1641లో డచ్చి, 1824లో ఇంగ్లీషు. ఎర్ర చర్చి, నది ఒడ్డు, వారాంతపు జోంకర్ వీధి సంత అన్నీ బాగుంటాయి. కానీ తీరాన్ని పూడ్చి పూడ్చి సముద్రాన్ని ఊరికి దూరం చేశారు. కౌలాలంపూర్ నుంచి బస్సులో రెండు గంటలు. ఒక రాత్రికి సరిపోతుంది, సెలవంతటికీ కాదు.

మీరెవరు, ఎప్పుడు వెళ్తున్నారు

మూడే రాత్రులుంటే గాలె, ఇందులో ఆలోచించడానికేమీ లేదు. కొత్తగా పెళ్ళైనవాళ్ళకీ, పుస్తకం పట్టుకుని ఒక్కళ్ళే వెళ్ళేవాళ్ళకీ నేను మొదట చెప్పేది ఇదే.

అమ్మానాన్నలతో, అందులోనూ వాళ్ళ మొదటి విదేశీ ప్రయాణమైతే జార్జ్‌టౌన్. వీసా బెడద లేదు, తిండి బెంగ లేదు, గుడి ఉంది, అత్యవసరమైతే మంచి ఆసుపత్రులున్న నగరం. గది మాత్రం లిఫ్టు ఉన్న హోటల్లో తీసుకోండి. పాత ఇళ్ళని హోటళ్ళుగా మార్చినవి ముచ్చటగా ఉంటాయి గానీ వాటి నిటారు చెక్కమెట్లు పెద్దవాళ్ళకి నరకం. మేం అలాంటిదే బుక్ చేసి, మొదటి రాత్రే మారాల్సి వచ్చింది, డబ్బు వెనక్కి రాలేదు.

పదేళ్ళ లోపు పిల్లలుంటే హోయ్ ఆన్. సైకిలు, ఇసుక, గుండ్రటి బుట్ట పడవ, లాంతరు తయారీ; వాళ్ళకి బోరు కొట్టే వీలే లేదు. కానీ గది పాత ఊళ్ళో కాకుండా ఊరికీ తీరానికీ మధ్య పొలాల్లో తీసుకోండి.

స్నేహితుల గుంపుకి జార్జ్‌టౌన్ తిండి నచ్చుతుంది, హోయ్ ఆన్ షాపింగ్ నచ్చుతుంది. గాలె మాత్రం రెండో రాత్రికి "ఇక్కడ ఇంకేం లేదా?" అనిపిస్తుంది.

మన సెలవుల వరసలో చూస్తే ఇంకా తేలిక. సంక్రాంతికి గాలె, దానికి సాటి లేదు. జార్జ్‌టౌన్ కూడా బాగుంటుంది, అక్కడి తమిళుల మురుగన్ పండగ తైపూసం రోజులు తప్పితే. అప్పుడు కావడుల ఊరేగింపు చూడాలన్న కోరిక ఉంటేనే వెళ్ళండి, గదులు దొరకవు. ఉగాదికి హోయ్ ఆన్: వానలు తగ్గి, ఎండ ముదరక ముందు. అంతకు ముందొచ్చే వాళ్ళ కొత్త సంవత్సరం తేత్ రోజుల్లో మాత్రం వద్దు. ఎండాకాలం సెలవుల్లో గాలె సముద్రం పొంగుతూ ఉంటుంది, ఉనవటునలో ఈత ప్రమాదం. అప్పుడు జార్జ్‌టౌన్, లేదా మన మే నెలకి అలవాటు పడ్డవాళ్ళమే కదా అనుకుంటే హోయ్ ఆన్. దసరాకి హోయ్ ఆన్‌లో వరద భయం, గాలెలో వానలు. గొడుగు పట్టుకుని జార్జ్‌టౌన్ అరుగుల కింద తిరగడమే మార్గం.

కాగితాలు, డబ్బు

మలేషియాకి 2023 డిసెంబర్ నుంచి మనకి 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు, ఆ వెసులుబాటుని 2026 చివరిదాకా పొడిగించారు. ప్రయాణానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో ఆగమన కార్డు నింపాలి, దానికి రుసుము లేదు. వియత్నాం ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. ప్రభుత్వ సైట్‌ని పోలిన నకిలీలు చాలా ఉన్నాయి, అంతకన్నా ఎక్కువ అడిగితే అనుమానించండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. మన పొడవాటి ఇంటిపేర్లతో పొరపాటు జరిగేది అక్కడే. శ్రీలంక రుసుము నిబంధనలు తరచూ మారుతున్నాయి, టికెట్ కొనే రోజునే వాళ్ళ అధికారిక సైట్ చూసుకోండి.

గది అద్దెలో హోయ్ ఆన్ చవక, అదే డబ్బుకి ఈతకొలను కూడా దొరుకుతుంది. గాలె కోట లోపల అన్నిటికన్నా ఖరీదు. తిండిలో జార్జ్‌టౌన్ వీధి కొట్లని మించి లేదు. మన రూపాయికి దాదాపు మూడు వందల డాంగ్ వస్తాయి కాబట్టి హోయ్ ఆన్‌లో మొదటి రోజంతా లక్షల్లో బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. రెండో రోజుకి మా చిన్నాడు కూడా చివరి మూడు సున్నాలు కొట్టేసి మూడుతో గుణించడం నేర్చుకున్నాడు.